ఆడవాళ్ల వైపు నోవహు అంకుల్

మా సంఘం ఆఫీసు కంప్యూటర్లో మగవాళ్లు ఎడమ పక్కన ఉంటారు, ఆడవాళ్లు కుడి పక్కన ఉంటారు. ఇది నా మాట కాదు, కమిటీ తీర్మానం. మినిట్స్ పుస్తకంలో ఉంది, కింద పదకొండు మంది సంతకాలు కూడా ఉన్నాయి. ఆ పదకొండు మందిలో కంప్యూటర్ ఆన్ చేయడం తెలిసినవాళ్లు ఇద్దరు.

నా పేరు ఆలిస్. సికింద్రాబాద్‌లో ఈ చర్చి ఆఫీసులో పద్నాలుగేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నాను. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. రిజిస్టర్లకు చెదలు పడుతున్నాయని నిరుడు అన్నిటినీ స్కాన్ చేయించారు. చేసినవాళ్లు మొత్తం ఒక చిన్న డిస్కులో పెట్టి, "అన్నీ ఉన్నయి మేడమ్" అని నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఉన్న మాట నిజమే. పదకొండు వేల ఫైళ్లున్నాయి, ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే.

వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి పేర్లు పెట్టే పని నాది. తెర మీద ఒక కిటికీ తెరవడం, దాని మీద ఇంకోటి తెరవడం, ఇందులోది పట్టుకుని అందులోకి లాగడం, లాగుతుండగా చెయ్యి జారి అది ఎక్కడ పడిందో వెతకడం. రెండు రోజులకే ఏడుపొచ్చింది. అప్పుడు ఫైళ్లు సర్దుకునే సాఫ్ట్‌వేర్, రెండు ప్యానెళ్ల ఫైల్ మేనేజర్ ఒకటి దించుకున్నాను. తెర మధ్యలో నిలువుగా ఒక గీత, దానికి అటొక ప్యానెల్, ఇటొక ప్యానెల్ ఉంటాయి. ఎడమ పక్క డిస్కు, కుడి పక్క మా కంప్యూటర్ పెట్టుకున్నాను. ట్యాబ్ నొక్కితే ఇటు నుంచి అటు పోవచ్చు. ఎఫ్ ఐదు నొక్కితే ఇక్కడిది అక్కడ కాపీ అవుతుంది. ఎఫ్ ఆరు నొక్కితే ఇల్లు ఖాళీ చేసినట్టు పూర్తిగా అటు వెళ్లిపోతుంది. ఏది వచ్చిందో, ఏది రాలేదో పక్కపక్కనే కనబడుతుంది. ఒక విషయాన్ని ఇంకో విషయం పక్కన పెట్టి చూడడం మా ఆఫీసులో అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది.

పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఒకరోజు కమిటీ వచ్చింది.

అందరికంటే ముందు సెక్రటరీ ధర్మరాజు గారు నిలబడ్డారు. ఆయన ఏదో శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గాని, ఆయన ఆఫీసును వదల్లేదు. పక్కనే ఆయన భార్య, స్త్రీల సమాజం అధ్యక్షురాలు జెనిఫర్ గారు. ధర్మరాజు గారు కళ్లద్దాలు పైకి తోసి తెరను చూశారు, మధ్యలో గీతను చూశారు, మొహం చేటంత చేసుకున్నారు.

"ఏందమ్మా ఆలిస్, ఇది అచ్చం మన గుడి లెక్కనే ఉన్నది గదా! నడుమ దారి, అటిటు బెంచీలు!"

మా చర్చిలో మొదట్నుంచీ మగవాళ్లు ఎడమ పక్క బెంచీల్లో, ఆడవాళ్లు కుడి పక్క బెంచీల్లో కూర్చుంటారు. ఊళ్లో మిగతా చర్చిలన్నీ ఎప్పుడో కలిసిపోయాయి. మేము మాత్రం కలవలేదు, అదే మా గొప్ప అనుకుంటాం.

"మరి మగోళ్ల రికార్డు, ఆడోళ్ల రికార్డు ఇట్ల కల్పి పెట్టినవేంది? జెర మర్యాద ఉండొద్దా?" అన్నారు ధర్మరాజు గారు.

నేను ఓపిగ్గానే చెప్పాను. "ఇవి రెండు గదులు కావు సార్, రెండు కిటికీలు. ఏ కిటికీలోంచి ఏ ఫోల్డరైనా చూడొచ్చు. కావాలంటే ఒకే ఫోల్డర్ని రెండిట్లోనూ చూడొచ్చు."

"అంటే ఒక్కడే మనిషి అటు సుత కూసుంటడు, ఇటు సుత కూసుంటడా? అట్లయితే ఇంకా తప్పు."

కమిటీ అంతా తల ఊపింది, తీర్మానం పాసైంది. ఎడమ ప్యానెల్లో పురుషుల ఫోల్డర్, కుడి ప్యానెల్లో స్త్రీల ఫోల్డర్ ఎప్పటికీ తెరిచే ఉండాలి. మేకులు కొట్టినట్టు వాటిని అక్కడే కదలకుండా ఉంచే పని నాది.

అక్కడ షురూ అయిన తమాషా ఏడాది పొడుగునా సాగింది. పన్నెండేళ్ల లోపు పిల్లలు గుడిలో తల్లి దగ్గరే కూర్చుంటారు కాబట్టి మగపిల్లలైనా సరే వాళ్లు కుడి ప్యానెల్లో ఉండాలన్నారు. కన్ఫర్మేషన్ అయి, సంఘంలో పెద్దవాళ్ల లెక్కలోకి వచ్చాక మగపిల్లలు ఎడమకు మారాలన్నారు. ఆ ఆదివారం పందొమ్మిది మందిని ఎంచి ఎఫ్ ఆరు నొక్కబోతుంటే పాస్టర్ గారు ఆగమని, తల వంచి, చిన్న ప్రార్థన చేశారు. నవ్వించడానికి చెప్పడం లేదు. ఆమెన్ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత జెనిఫర్ గారు లేచారు. "తెరవంగనే ఎప్పుడు చూసినా ఎడమ దిక్కే వెలుగుతది. మేమేం తక్కువనా?" అని అడిగారు. దాని మీద మూడు మీటింగులు, రెండు అలకలు అయ్యాక, నెల విడిచి నెల ఆడవాళ్ల ప్యానెల్‌తో పని మొదలుపెట్టాలని రాజీ కుదిరింది. నేను గోడ క్యాలెండర్ మీద నెలకొకటి గుర్తు పెట్టుకున్నాను.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం సమాధుల రిజిస్టరుతో వచ్చింది.

బొల్లారం వైపు మా సంఘానికి సమాధుల తోట ఉంది. అందులో జంట సమాధులు నూట ఇరవై రెండు. భార్యాభర్తల్లో ఒకరు ముందు పోతే, రెండో వాళ్ల కోసం అదే సమాధిలో చోటు ఉంచుతారు. కొంతమంది ఇద్దరూ బతికుండగానే చోటు రాయించుకుంటారు. రిజిస్టర్లో జంటకొక పేజీ ఉంటుంది. పై సగంలో సమాధి నంబరు, మొదటివాళ్ల పేరు. కింది సగంలో రెండోవాళ్ల పేరు. ఒక పేజీలో ఆడ, మగ కలిసి ఉంటే ఏ ప్యానెల్లో పెట్టాలి? నేను అడిగి ఉండకూడదు, కాని అడిగాను.

"మధ్యల కోసెయ్యి," అన్నారు ధర్మరాజు గారు.

కోశాను. నూట ఇరవై రెండు స్కాన్ పేజీల్నీ అడ్డంగా రెండు ముక్కలు చేసి, మొగుణ్ణి అటు, పెళ్లాన్ని ఇటు పెట్టాను. డిస్కులో అసలు పేజీలు అలాగే ఉన్నాయి గాని, తీర్మానం ప్రకారం ఇక నుంచి కంప్యూటర్లో ఉన్నదే రికార్డు. కాగితం రిజిస్టరు బీరువాలో పడింది.

ఆ తర్వాత రెండు నెలలకు తోట నిండిపోయిందని ఊళ్లోని సమాధుల తోటలన్నీ చూసుకునే బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. ఇక మీదట పోయినవాళ్లను ఊరి బయట నలభై కిలోమీటర్ల దూరంలో కొత్త స్థలానికి తీసుకెళ్లాలి. జంట సమాధిలో చోటున్నవాళ్లకు మాత్రం బొల్లారంలోనే. అలాంటివాళ్ల జాబితా సెక్రటరీ సంతకంతో నెలాఖరులోగా పంపాలి. అందులో లేని పేరు మళ్లీ చేర్చరు.

ఆ వారమే నోవహు అంకుల్ వచ్చారు. రైల్వేలో గార్డుగా చేశారు, మౌలాలిలో ఉంటారు, ఎనభై దగ్గర పడుతోంది. ఆయన భార్య స్వర్ణలత ఆంటీ పోయి ఆరేళ్లు. సమాధి నంబరు రెండు వందల పద్నాలుగు. రెండో చోటు అంకుల్‌ది.

"వందనాలు బిడ్డా. నా పేరున్నదా, జెర చూడు," అన్నారు.

చూశాను. కుడి ప్యానెల్లో స్వర్ణలత, నంబరు రెండు వందల పద్నాలుగు. ఎడమ ప్యానెల్లో నోవహు, నంబరు లేదు. నంబరు ఉన్న పై సగం ఆంటీతో ఆడవాళ్ల వైపు పోయింది. కింది సగంలో ఉన్నది ఆయన పేరు, ఒక సంతకం, అంతే. లెక్క ప్రకారం ఆయనకు చోటు లేదు.

ధర్మరాజు గారిని అడిగాను. "మగాయనను తీస్కపోయి ఆడోళ్ల దిక్కు ఎట్ల పెడ్తవమ్మా? ఒక్కరికి పెడితే అందరొస్తరు," అన్నారు. అంకుల్ ప్రతి గురువారం రెండు బస్సులు మారి వచ్చేవారు. నేను ప్రతి గురువారం ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. మూడో గురువారం ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"గుడిల నలబై ఏండ్లు ఆమె అటు, నేనిటు కూసున్నం బిడ్డా. పాటల పుస్తకం సుత ఆమెకొకటి, నాకొకటి. ఆరాధన అయినంక గేటు కాడ నిలబడి నా కోసం ఎదురుచూసేది. నేను దోస్తులతోని నాలుగు మాటలు మాట్లాడి లేటుగ పోతే కోపంతోని గులిగేది. ఇప్పుడు ఆరేండ్ల సంది ఎదురుచూస్తున్నది. నేను ఇంకెటో పోతే ఆమె పరేషాన్ అయితది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో సగం కోపమే. ఆయన వెళ్లగానే ఎడమ ప్యానెల్లో ఆయన ముక్కను ఎంచి, ఎఫ్ ఐదు నొక్కి ఆంటీ పక్కన పెట్టాను. మర్నాడే ధర్మరాజు గారు తనిఖీకి వచ్చి, ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదివి పట్టుకున్నారు. "ఆడోళ్ల దిక్కు మగాయన!" అని ఆయన వేసిన కేకకు బయట పూలు సర్దుతున్నవాళ్లు లోపలికి పరిగెత్తుకొచ్చారు. నాకు మెమో ఇచ్చారు. రికార్డుల్లో అసభ్యత అని రాశారు, ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని కూడా రాశారు. ఇంటికి నా జీతమే ఆధారం. నేను భయపడ్డాను, ఆంటీ పక్కన పెట్టిన అంకుల్ ముక్కను తుడిచేశాను. దాచుకోవడం ఎందుకు, ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

నెలాఖరు మంగళవారం జాబితా ముద్రించాను. చోటు ఉన్నవాళ్లు ఒక కాగితం, చోటు లేనివాళ్లు ఒక కాగితం. ధర్మరాజు గారు మొదటిదాని మీద సంతకం పెట్టబోతుంటే, "రెండోది కూడా ఒకసారి చూడండి సార్, మళ్లీ నన్ను అంటారు," అన్నాను. పక్కన జెనిఫర్ గారు టీ తాగుతున్నారు.

ఆయన చదువుకుంటూ పోయి, ఒకచోట ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"దీంట్ల నా పేరున్నదేందీ?"

"మీ చోటు మేడమ్ గారి నాన్న గారు తన కూతురి పేరు మీద రాయించారు సార్. మేడమ్ పై సగం, మీరు కింది సగం. నంబరు ఆడవాళ్ల వైపు పోయింది."

"మరి నేనెటు పోవాలె?"

"కొత్త స్థలానికి సార్. నలభై కిలోమీటర్లు. అక్కడి దాకా బస్సు ఉందట."

"పోనియ్యుండ్రి," అన్నారు జెనిఫర్ గారు కప్పు దించి. "నాకు సుత జెర నిమ్మళంగ ఉంటది."

ధర్మరాజు గారికి చెమటలు పట్టాయి. తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఆలిస్ అమ్మా, నా పేరొక్కటి సప్పుడు చేయకుండ అటు తెచ్చి పెట్టు. మెమో సంగతి నేను చూస్కుంట."

ఒక్క పేరు మార్చడం నాకు అర నిమిషం పని. కాని ఆ అర నిమిషంలో గురువారం కుర్చీలో కూర్చున్న మనిషి నా ముందు మెదిలాడు.

"ఒక్కరిని తేవడం ఈ సాఫ్ట్‌వేర్‌లో రాదు సార్. తెస్తే నూట ఇరవై రెండు జంటలూ కలిసే రావాలి."

ఇది పచ్చి అబద్ధం. ఏడాది పాటు నిజం చెప్పాను, ఒక్క ముక్క ఆయన బుర్రకు ఎక్కలేదు. అబద్ధం చెప్పగానే ఎక్కింది.

"అట్లనా? ముందుగాల చెప్పొద్దా మరి? తే, అందర్ని తే!"

ఎడమ ప్యానెల్లో పురుషుల ఫోల్డర్ మూసి పాత డిస్కు తెరిచాను. కుడి పక్క ఎఫ్ ఏడు నొక్కి 'దంపతులు' అని కొత్త ఫోల్డర్ చేశాను. కోయని పేజీలు నూట ఇరవై రెండూ ఎంచి ఎఫ్ ఐదు నొక్కాను. కాపీ ఎంతయిందో చూపించే పచ్చ గీత కుడి చివరి దాకా పాకింది. ధర్మరాజు గారు ఊపిరి బిగబట్టి చూశారు.

"ఈ ఫోల్డరు ఏ దిక్కుకు లెక్క?" అని అడిగారు.

"మీరే చెప్పండి సార్."

"పెండ్లికి గుడి నడుమనే గదా నిలబడ్తరు. నడుమ పెట్టు."

"పెట్టాను సార్," అన్నాను. ఆ రోజు రెండో అబద్ధం అది. కొత్త జాబితా తీస్తే చోటు లేనివాళ్ల కాగితం ఖాళీగా వచ్చింది. ఆయన సంతకం పెట్టారు, సాయంత్రంలోగా నేనే బోర్డుకు తీసుకెళ్లి ఇచ్చి, ముద్ర వేయించుకొచ్చాను.

గురువారం నోవహు అంకుల్ వచ్చి, ఏమీ అడక్కుండా కుర్చీలో కూర్చున్నారు. అడిగి అడిగి విసిగిపోయినట్టున్నారు. ముద్ర ఉన్న కాగితం నకలు ఆయన చేతిలో పెట్టి, రెండు వందల పద్నాలుగు దగ్గర వేలు పెట్టి చూపించాను. స్వర్ణలత, నోవహు. ఒకే గీత మీద రెండు పేర్లు.

ఆయన చాలాసేపు చదివారు. రెండు పేర్లు చదవడానికి అంతసేపు పట్టదు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని లేచారు.

"కూర్చోండి అంకుల్, టీ తెప్పిస్తాను. ఎండగా ఉంది, కాసేపాగి ఇంటికి పోదురుగాని," అన్నాను.

"ఇంటికి కాదు బిడ్డా, బొల్లారం పోతున్న," అన్నారు ఆయన. "ఆమెకు చెప్పొస్త."