ప్రభువు బల్ల గుడ్డ

అమృత పోయిన పదో రోజు మా ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. నంద్యాల సంఘం నుంచి ముప్పై మంది వచ్చారు. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద జీవరత్నం నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ భార్యను తీసుకొని దేవుడు నిన్ను కొట్టినాడు సార్. ఇంగనన్నా మారుమనసు పొందు. లేకుంటే మళ్లా కొడ్తాడు" అన్నాడు.

ఆ చెయ్యి తీసేశాను. "బళ్లో పిల్లోళ్ల మీద నేనే బెత్తం ఎత్తను, అన్నా. కొట్టి లొంగదీసే దేవునికి మోకరించను."

ఆ తరువాత చర్చికి పోలేదు.

చర్చిలో ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఉంచే సంస్కారపు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డను ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చే పని పన్నెండేళ్లుగా అమృతదే. ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కి, నలగకుండా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆమె పోయేనాటికి ఆ గుడ్డ మా బీరువాలో ఉంది. జీవరత్నం ఫోన్ చేసి అడిగితే ఎక్కడో పోయిందన్నాను. అబద్ధం చెప్పిన పిల్లల్ని తరగతిలో నిలబెట్టే మనిషిని. అయినా చెప్పాను.

పదకొండు నెలల తరువాత ఒక సాయంత్రం, చర్చి ఊడ్చే మరియమ్మ చిక్కుడుకాయల సంచితో మా గుమ్మంలో నిలబడింది. గుడ్డ కోసమే వచ్చిందనుకుని, ఆమె నోరు తెరవకముందే అది లేదన్నాను.

మరియమ్మ నవ్వింది. సంఘపెద్ద కొత్త గుడ్డ తెస్తే ఆడవాళ్లు పరచనివ్వలేదని, ఇన్ని నెలలూ ఒట్టి బల్ల మీదే రొట్టె పెడుతున్నారని చెప్పింది.

"అది నీ కాడ్నే ఉండాదని మాకు తెలుసు సారూ. ఆయమ్మ చేతులు తగిలిన గుడ్డ. ఉంచుకో. దేవునికి ఒట్టి బల్ల చాలు."

ఆమె వెళ్లాక బీరువా తెరిచాను. జీవరత్నం బెదిరింపుకు వంగని మోకాళ్లు ఆ గుడ్డ ముందు వంగాయి.

శనివారం నేనే ఉతికి ఇస్త్రీ చేశాను. అలవాటు లేని పని. ఒక అంచు మాడింది. మరునాడు బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

చర్చి మెట్ల మీద జీవరత్నం ఎదురయ్యాడు. "ఆఖరికి భయం పుట్టిందా సార్?"

"లేదన్నా. నువ్వు భయపెట్టినన్నాళ్లూ రాలేదు గదా."

లోపల సంఘం ముందు నిలబడి, గుడ్డ పోలేదని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. క్షమించమని అడిగాను. మరియమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది. మాడిన అంచును గోడవైపు తిప్పబోతే వద్దన్నాను.

ఆ అంచు జీవరత్నం కూర్చునే వైపే ఉంది.