గాజు ఉపన్యాసానికి ముద్దుపేరు

సోమవారం పొద్దున్నే ప్రోగ్రాముల గుమాస్తా గుమ్మంలో నిలబడేసరికి పిన్ని రెండు చేతులకీ పిండి ఉంది.

"బల్ల మీద పెట్టి వెళ్లండి" అంది. పెట్టాడు గానీ వెళ్లలేదు. వెళ్లమంటే వెళ్లే మనిషయితే ఆ ఉద్యోగంలో పాతికేళ్లు నిలిచేవాడు కాదు.

"వచ్చే నెల కార్యక్రమాలు పిన్నిగారూ. నాలుగు ఉపన్యాసాలు, ఒక నాటిక, ఒక సంగీతం. గురువారం నాలుగింటికల్లా ముద్దుపేర్లు ఇచ్చేశారంటే ప్రెస్సుకి పంపేస్తాను. ఆలస్యమైతే ఆ ప్రెస్సాయన నా పరువు తీస్తాడు."

"మీకు పరువుందని ఆయనకెవరు చెప్పారు?"

గుమాస్తా నవ్వాడు. వెంటనే మొహం కాస్త ముడుచుకుని, "ఇదే ఆఖరి కాగితమండీ. ఆ పైనెల నుంచి హాలు బయట అక్షరాలు వెలిగే తెర పెడుతున్నారు. అందులో ఒక్క వరసే పడుతుందట. అసలు పేరు ఒక్కటే వేస్తారు" అని, ఇంకేమీ అడక్కుండా మెట్లు దిగిపోయాడు.

ఆ పరిశోధన సంస్థలో ప్రతి ఉపన్యాసానికీ రెండు పేర్లు. అసలు పేరు శాస్త్రవేత్త పెట్టుకుంటాడు. ఒక్క ఊపిరిలో చదవగలిగితే అది చిన్న పేరని లెక్క. దాని కింద, చిన్న అక్షరాల్లో, ముద్దుపేరు. అది క్వార్టర్లలో ఉండే కుటుంబాల కోసం, కాంటీను వాళ్ల కోసం, తోటమాలుల కోసం. ఇరవై రెండేళ్లుగా ఆ ముద్దుపేర్లన్నీ పిన్ని పెట్టినవే. ఆవిడ సంస్థలో ఉద్యోగి కాదు. మూడో నంబరు క్వార్టరులో గృహిణి. వయసులో తనకన్నా పెద్దవాళ్లు కూడా ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తారు.

ఇదెలా మొదలైందంటే, అప్పటి పాత డైరెక్టరు ఒకసారి హాల్లో తలలు లెక్కపెట్టాడు. తొమ్మిది. అందులో ముగ్గురు నిద్రపోతున్నారు, ఒకడు ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియను. మర్నాడు క్వార్టర్ల మధ్య నడుస్తూ, బట్టలు ఆరేస్తున్న పిన్నిని ఆపి, "మీరంతా ఉపన్యాసాలకి ఎందుకు రారమ్మా?" అని అడిగాడు.

"ఆ పేర్లు చూస్తేనే జ్వరం వస్తోందండీ."

"అయితే నువ్వే పెట్టు పేరు."

పెట్టింది. పాత డైరెక్టరు ఒక్కటే నియమం చెప్పాడు. నవ్వించు, ఊరించు, అబద్ధం మాత్రం చెప్పకు. పేరు చూసి వచ్చినవాళ్లు ఆ పేరు చెప్పిందే విని ఇంటికి వెళ్లాలి.

అప్పటి నుంచి 'రేణు పదార్థాల ప్రవాహంలో అవరోధాలు' కాస్తా 'డబ్బా వంచినా బియ్యం ఎందుకు పడవు?' అయింది. పక్షుల సామూహిక గమనం మీద మూడు వరసల పేరు 'ముందున్న పిట్టకి దారెవరు చెప్పారు?' అయింది. జనం వచ్చారు. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఉపన్యాసం అయ్యాక అదే హాల్లో పాటో, నాటికో ఉండేది. ఒక నాటికలో రాజు వేషం వేసిన లెక్కల శాస్త్రవేత్త, తన సైన్యంలో ఏనుగుల సంఖ్య సంభాషణలో తప్పు పడిందని మధ్యలో ఆగి దిద్దాడు. మాట్లాడకుండా నిలబడే భటుడి వేషం పాత డైరెక్టరుది. మీటింగుల్లో దొరకని విశ్రాంతి అక్కడ దొరుకుతోందనేవాడు. ఆ రోజుల్లో కార్యక్రమాల కాగితం మీద సిరా ఆరేది కాదు. ఎవరి బొటనవేలు నల్లగా ఉంటే వాళ్లు అది చదివినట్టే. పిన్నికి ఇప్పటికీ సిరా వాసన తగిలితే ఆ హాలు, ఆ చెక్క కుర్చీల కిర్రుకిర్రులు, చెవి దగ్గరే ఉన్నట్టుంటాయి.

తప్పు ఒక్కసారే జరిగింది. సూర్యుడి పై పొరల్లో వేడి ఎలా ఎగసిపడుతుందో చెప్పడానికి ఒకాయన వస్తున్నాడు. "ఇంట్లో దేనిలా ఉంటుందండీ?" అని ఫోనులో అడిగితే, "పాలు పొంగినట్టమ్మా" అన్నాడు. పిన్ని సంబరపడి 'పాలెందుకు పొంగుతాయి?' అని రాసేసింది. అరవై ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ఆయన గంటసేపు సూర్యుణ్ణి చూపించాడు. పాల ఊసు లేదు. చివర్లో పై వాటా వదిన లేచి, "సూర్యుడి సంగతి సరే, మా స్టవ్వు సంగతేంటండీ?" అంది. ఆయనకి చెమటలు పట్టాయి. పాత డైరెక్టరు పిన్నిని కోప్పడలేదు. "ఇంకోసారి నమ్మరమ్మా" అన్నాడంతే. నమ్మలేదు కూడా. వాళ్లని మళ్లీ హాలుకి రప్పించడానికి ఏడాది పట్టింది.

చేతులు కడుక్కుని పిన్ని కాగితం చూసింది. మొదటి మూడింటికీ పోపు పెట్టినంత సేపట్లో పేర్లు దొరికాయి. నాలుగోది చూసి ఆగిపోయింది.

'అస్ఫటిక ఘన పదార్థాలలో నిర్మాణ శైథిల్యం: ముప్ఫై ఏళ్ల పరిశీలనలు.' పక్కనే వక్త పేరు. ఆ వక్త పొద్దున్నే ఇడ్లీలా ఉబ్బిన కళ్లతో కాఫీ అడగడం, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం పిన్నికి బాగా తెలుసు. వాళ్లాయనే. వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఇది వీడ్కోలు ఉపన్యాసం.

ఆయన్ని అందరూ గాజు డాక్టరంటారు. ముప్ఫై ఏళ్లుగా పని చేసింది గాజు మీదే. పెద్ద హాల్లో ఒక్కసారీ మాట్లాడలేదు. ఆయన పని అర్థమయ్యేవాళ్లు సంస్థ మొత్తంలో ఆరుగురు. ఆ ఆరుగురూ ఒక చిన్న గదిలో కూర్చుని, బోర్డుకేసి తిరిగి, ఒకళ్లతో ఒకళ్లు గొణుక్కునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో పిన్ని అడిగింది.

"రోజంతా ఏం చేస్తారు?"

"గాజుని చూస్తాను."

"చూస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. అదే విశేషం."

మళ్లీ అడగలేదు. ఊళ్లోవాళ్ల శాస్త్రాలన్నిటికీ ముద్దుపేర్లు పెట్టిన మనిషి, ఇంట్లో శాస్త్రం జోలికి పోలేదు.

భోజనాల దగ్గర కాగితం ఆయన ముందు పెట్టింది. "దీనికేం పెట్టమంటారు?"

"దానికి పెట్టలేవులే. ఖాళీగా వదిలెయ్."

"వదిలేస్తే ఎవరొస్తారు?"

"మా ఆరుగురం ఉన్నాంగా. ముందు వరస చాలు" అన్నాడు. తరవాత మంచినీళ్లు తాగి, ఎవరూ అడక్కుండానే, "మూడొందల కుర్చీలు ఆ హాల్లో" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వెనక గదిలోంచి మాటలు వినిపించి పిన్ని తొంగి చూసింది. ఆయన బీరువా ముందు నిలబడి, "సభకు నమస్కారం" అంటున్నాడు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా. బీరువా ఏమీ అనలేదు. మూడొందల ఖాళీ కుర్చీలకి ఈయన నమస్కారం పెడుతుంటే చూడటం తన వల్ల కాదు. జరగనివ్వదు.

బుధవారం పై వాటా వదిన కూరగాయల సంచితో వచ్చి, సంగతి విని, అక్కడే తేల్చేసింది.

"దీనికింత ఆలోచనెందుకే! 'గాజు సామాను పగలకుండా ఏళ్ల తరబడి వాడటం ఎలా?' అని పెట్టు. హాలు నిండకపోతే నా పేరు మార్చుకుంటా."

"ఆయన చెప్పేది అది కాదొదినా."

"ఏం చెప్తాడో నీకు తెలుసా?"

తెలియదు. అదే చిక్కు.

"పాలప్పుడు నువ్వే కదా లేచి అడిగింది?"

"అడిగాను. ఈసారి అడగను. మీ ఆయన కదా" అంది వదిన చాలా దయగా. ఆ దయ చూస్తే పిన్నికి ఒళ్లు మండింది. అయినా వదిన వెళ్లాక ఆ పేరు పెన్సిలుతో కాగితం మీద రాసింది. చూడ్డానికి బాగుంది. జనం కళ్లముందు కనబడుతున్నారు. చెరిపేద్దామని రబ్బరు తీసి, మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

గురువారం రెండింటికి, కాగితం మడిచి, పెన్సిలూ రబ్బరుతో పాటు చేతిసంచిలో పెట్టుకుని, ఆయన లాబుకి బయల్దేరింది. ముప్ఫై ఏళ్లలో గేటు దాకా చాలాసార్లు వెళ్లింది, లోపలికి ఇదే మొదలు. వంటింటికన్నా చిన్న గది. ఒక మూల కొలిమి, కిటికీ పక్కన సూక్ష్మదర్శిని, గోడ నిండా తేదీలు రాసిన గాజు పలకలు. ఆయన ఆవిణ్ణి చూసి కంగారుగా లేచాడు.

"ఏమైంది? గ్యాసు అయిపోయిందా?"

"అయిపోతే వదిన దగ్గర తెచ్చుకుంటా, మీ దగ్గరకెందుకొస్తాను? పేరు కోసం వచ్చాను. నాలుగింటికి గడువు." కాగితం తీసి ఇచ్చింది. "ప్రస్తుతానికి అబద్ధం రాసి పెట్టాను."

ఆయన చదివాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఆవిడ మొహంలోకి చూడకుండా, "ఇదే ఉంచెయ్. జనం వస్తారు" అన్నాడు.

ముప్ఫై ఏళ్లుగా దశాంశ స్థానం దగ్గర కూడా రాజీపడని మనిషి. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది.

"వచ్చాక? గాజు గ్లాసులేవని అడిగితే ఏం చెప్తారు?"

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు.

"నాకు చెప్పండి. ఇప్పుడే, ఇక్కడే. నాకర్థం కాకపోతే ఈ అబద్ధమే పంపిస్తా, ఆ పాపం నాది."

ఆయన కాసేపు కళ్లజోడు తుడిచాడు. తరవాత బల్ల కింద నుంచి అంచులున్న పళ్లెం తీసి, గుప్పెడు పూసలు వేశాడు. పళ్లెం వంచితే అన్నీ గలగలా అటు దొర్లాయి. ఇంకో గుప్పెడు వేశాడు. దొర్లాయి, కొంచెం బద్ధకంగా. ఇంకొన్ని. ఇంకొన్ని. చివరికి పళ్లెం వంచినా ఒక్కటీ కదల్లేదు.

"ఆ మధ్యలో దాన్ని వేలితో జరుపు."

జరిపింది. జరగలేదు.

"జిగురు పెట్టారా?"

"ఏమీ పెట్టలేదు. చోటు లేదు, అంతే. అది కదలాలంటే పక్కది కదలాలి. పక్కది కదలాలంటే దాని పక్కది. గాజులోపల అణువులన్నీ ఇంతే. పైకి గట్టిగా ఉంటుంది. లోపల ఎవరికీ సరైన చోటు దొరకలేదు. దొరికేదాకా ఆగుతాయి."

"ఎప్పటిదాకా?"

"ఎప్పుడో, ఏదో మూల, ఓ పదిమంది ఒకేసారి తలా కాస్త కదులుతారు. మళ్లీ ఆగిపోతారు. అది చూడ్డమే నా పని."

"ఎన్నిసార్లు చూశారు?"

"అనుమానం లేకుండా చూసినవి పదిహేడు."

పిన్ని పళ్లేన్నే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బస్సు!"

"ఏ బస్సు?"

"పెళ్లయిన నెలలో మా అక్కయ్య వాళ్లింటికి వెళ్తూ ఎక్కాం కదా, కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు 'జరగండి సార్, జరగండి' అని అరుస్తుంటే, 'అందరూ ఒకేసారి జరిగితే తప్ప నేనొక్కణ్ణే జరగడం కుదరదండీ' అని మీరు అతనికి పాఠం మొదలెట్టారు. మనిద్దర్నీ దింపేశాడు. కొత్త చెప్పులతో రెండు మైళ్లు నడిచాను."

"అన్యాయంగా దింపాడు" అన్నాడాయన. ముప్ఫై ఏళ్ల తరవాత కూడా ఆ గొంతులో కోపం తాజాగా ఉంది. "నేను చెప్పింది నిజమే. అప్పుడే ఈ పని మొదలెట్టాను. దారంతా నీకదే చెప్పాను."

చెప్పాడు. నిజమే. మడమ ఒరుసుకుపోయి, ఆవిడ వినలేదు. విన్నదల్లా కొత్త మొగుడు చేతులు తిప్పుతూ, దుమ్ములో, ఎంతో సంతోషంగా మాట్లాడుతున్నాడని. అంత సంతోషంగా ఆయన మళ్లీ ఎప్పుడు మాట్లాడాడో ఆవిడకి గుర్తు రాలేదు.

సంచిలోంచి రబ్బరు తీసి పాత పేరు చెరిపేసింది. 'కిక్కిరిసిన బస్సులో ఎవరూ ఎందుకు జరగలేరు?' అని రాసి ఆయనకిచ్చింది. ఆయన పెన్సిలు తీసుకుని 'ఎవరూ' కొట్టేసి, 'ఒక్కరే' అని రాశాడు.

"ఎవరూ జరగలేరనడం తప్పు. పదిహేడుసార్లు జరిగారు."

నాలుగింటికి పది నిమిషాలుండగా గుమాస్తా చేతికి కాగితం అందింది. అతను నాలుగో పేరు చదివి, "ఇది సార్ ఉపన్యాసమేనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఉపన్యాసం రోజు హాలు నిండలేదు. పిన్ని లెక్కపెట్టింది, నూట పద్నాలుగు. కిటికీ గట్లు ఖాళీగానే ఉన్నాయి. పై వాటా వదిన తను చెప్పిన పేరు పెట్టలేదని మొహం మాడ్చుకుని, అయినా అందరికన్నా ముందొచ్చి రెండో వరసలో కూర్చుంది. ఆయన అలవాటుగా బోర్డుకేసి తిరిగి ఏదో గీయబోయాడు. సుద్ద గీత పడకముందే వెనక్కి తిరిగి, "ముప్ఫై ఏళ్ల కిందట నన్నూ మా ఆవిణ్ణీ బస్సులోంచి దింపేశారు" అన్నాడు. హాలు గొల్లుమంది. ఆ నవ్వుకి ఆయన బెదిరిపోయి అడుగు వెనక్కేశాడు. తరవాత ఆయన చేతులు తిరగడం మొదలైంది.

చివర్లో కాంటీన్ బాబాయి లేచాడు. "సార్, ఆ పదిమంది ఎవరో ముందే తెలుస్తుందా?"

ఆయన సుద్ద కింద పెట్టాడు. "తెలియదు బాబాయ్. ముప్ఫై ఏళ్లుగా నేనడుగుతున్నదీ అదే." ముందు వరసలో ఆరుగురూ వెనక్కి తిరిగి బాబాయిని చూశారు. వదిన చెయ్యెత్తింది. "పోనీ ఆ మొదట కదిలేవాడికి ముందుగా చోటెవరిస్తారండీ?"

"చాలా మంచి ప్రశ్న" అని ఆయన బోర్డు తుడిచి కొత్తగా మొదలెట్టాడు. వదిన గర్వంగా అటూ ఇటూ చూసింది. పక్క తలుపు దగ్గర సంగీతం వాళ్లు వాయిద్యాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల సమయం దాటి పావుగంటయింది. గుమాస్తా గోడవారగా పిన్ని దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

"పిన్నిగారూ, ఓసారి సార్‌ని ఆపమనండి. మీరు సైగ చేస్తే చూస్తారు."

"ఏ సార్‌ని?" అంది పిన్ని. తన కళ్లజోడు తీసి చేతిసంచిలో పెట్టేసుకుని, "ఇంత దూరం నుంచి నాకెవరూ కనబడటం లేదండీ" అని, వేదికకేసి చూస్తూ ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.