లాగే చిత్రిక

మా బావ ప్రార్థన చేస్తే మందిరం కిటికీ అద్దాలు గడగడమనేవి. నలభై ఏళ్ళుగా పిండిమర ఆడించిన మనిషి. ఆ హోరులో చెవులు సగం పోయాయి. తన గొంతు తనకు వినపడాలంటే అరవక తప్పదు. నాకేమో నోరు మూసుకుంటే తప్ప ప్రార్థన సాగదు. పక్కనే కూర్చునేవాణ్ణి కాబట్టి దెబ్బంతా నాకే తగిలేది.

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం ఓపిక పట్టలేక, అందరూ వింటుండగా అనేశాను.

"కాస్త మెల్లగా బావా. చెవుడు నీకు గానీ దేవుడికి కాదు."

నేను నోరు తెరిచేదే నెలకోసారి. తెరిచినందుకు ఆ మాట వచ్చింది. మందిరమంతా గొల్లున నవ్వింది. బావ నవ్వలేదు. మా చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. మళ్ళీ గడప తొక్కలేదు. చెల్లెలూ రాలేదు.

నాకున్నది ఒక్కతే చెల్లెలు. వాళ్ళ మర మా ఇంటికి రెండు వీధుల అవతలే. ఆ రెండు వీధులూ దాటడం నావల్ల కాలేదు. మా ఆవిడ పిండి పట్టించే వంకతో వెళ్ళి వచ్చేది. వచ్చి, "మీ చెల్లెలు చిక్కిపోయింది" అనేది. నేను తల వంచుకుని చెక్కను నున్నగా చిత్రిక పట్టేవాణ్ణి. వడ్రంగికి అదొక సుఖం, తల ఎత్తకుండా బతికెయ్యొచ్చు.

ఈ ఏడు మా పాస్టరు అయ్యగారు ఒక కబురు చెప్పారు. సముద్రాల అవతలి సంఘం నుంచి ఒక సహోదరుడు వస్తున్నాడనీ, పది రోజులు ఉంటాడనీ, లోకంలో మిగతా విశ్వాసులు ఎలా నడుచుకుంటున్నారో మనం నేర్చుకోవాలనీ. ఇంకేం, మందిరానికి సున్నం వేశారు. స్త్రీల సమాజం పెద్దమ్మ పన్నెండు ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకుంది. కోటూ బూట్లూ వేసుకున్న బోధకుడు దిగుతాడని అందరూ వీధి మొగ దాకా ఎదురెళ్ళారు.

దిగినవాడు నా ఈడు ముసలాయన. భుజాన గోనె సంచి. సంచిలో రంపం, ఉలులు, ఒక చిత్రిక.

అయ్యగారికి ఆయన భాష సగం వచ్చు. ఆ సగంతోనే మాకు చెప్పారు. "ఈయన బోధకుడు కాడట. వడ్రంగట. 'మాట్లాడేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు, అందుకని పనివాణ్ణి పంపుతున్నాం' అని వాళ్ళ సంఘం రాసింది."

"మరి నా పన్నెండు ప్రశ్నలూ?" అంది పెద్దమ్మ.

"దాచుకోండమ్మా. ముందు విరిగిన బల్లలు బాగుపడనీ" అన్నారు అయ్యగారు.

అతిథి మా ఇంట్లోనే దిగాడు. మందిరం బల్లలు ఎనిమిది మా కొట్టుకు చేర్చారు. మొదటి రోజు ఆయన ఒక పలక ఎత్తి పని బల్ల మీద పెట్టి చిత్రిక తీశాడు. ఎవరైనా చిత్రికను ముందుకు తోస్తారు. మా నాన్న తోశాడు, నేనూ తోస్తున్నాను. ఈయన దాన్ని తన పొట్టవైపు లాక్కున్నాడు!

నేను గభాలున లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. తోసి చూపించాను. ఆయన మర్యాదగా తల ఊపాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ చూపించాను. మళ్ళీ తల ఊపాడు, మళ్ళీ లాగాడు.

గుమ్మంలోంచి మా ఆవిడ అంది. "ఇంటికొచ్చిన మనిషిని అలా సతాయిస్తారా? ఆయన చిత్రిక ఆయనిష్టం."

ఆయన నవ్వి, లాగగా వచ్చిన పొరను నా అరచేతిలో పెట్టాడు. ఉల్లిపొరంత పల్చన. ఎండకు పెడితే అవతల వేలు కనపడుతోంది. నాకు రోషం వచ్చి నేనూ తోశాను. నాకూ అలాంటిదే వచ్చింది. గాలికి రెండూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో పట్టుకోలేకపోయాం. తర్వాత ఆ పలక మీద కళ్ళు మూసుకుని చెయ్యి నడిపాను. సగం ఆయన లాగింది, సగం నేను తోసింది. ఎక్కడ మారిందో నా చేతికి దొరకలేదు.

పది రోజుల్లో ఎనిమిది బల్లలూ అయ్యాయి. మా ఇద్దరి మధ్య పది మాటలు కూడా నడవలేదు. "ఇన్నాళ్ళకు మీకు తగ్గ జోడు దొరికాడు" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

ఆఖరి ఆదివారం వచ్చింది. పెద్దమ్మ కాగితంతో ముందే కూర్చుంది. అయ్యగారు బతిమాలితే అతిథి లేచి నిలబడ్డాడు.

"మీ మందిరంలో ప్రార్థన ఎలా చేస్తారు?" ఇది పెద్దమ్మ మొదటి ప్రశ్న.

ఆయన ఒక్కో ముక్క చెబుతుంటే అయ్యగారు మాకు అందించారు. "మా దగ్గర నాలుగు భాషలవాళ్ళం. అందరం ఒకేసారి, ఎవరి భాషలో వాళ్ళం ప్రార్థిస్తాం. ఒకడు అరుస్తాడు. ఒకామె ఏడుస్తుంది. ఒకాయన బల్ల గుద్దుతాడు. కొత్తలో నాకు తల పగిలిపోయేది. పక్కనున్న ముసలమ్మ దగ్గర గొణిగాను, ఈ గోలలో ఎవరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క తెలియడం లేదని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, 'వాళ్ళు మాట్లాడేది నీతోనా?' అంది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా పక్కన ఇద్దరు పట్టే చోటు నాలుగేళ్ళుగా ఖాళీ. దాని మీద చెయ్యి వేశాను. అద్దంలా నున్నగా ఉంది.

లేచాను.

"ఏం తాతగారూ, ఒంట్లో బాగోలేదా?" అన్నారు అయ్యగారు.

"పిండిమరకి" అన్నాను. మా ఆవిడ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెనకే పరిగెత్తింది.

మందిరం మానేశాక బావ ఆదివారాలూ మర ఆడిస్తున్నాడు. సంచులతో పదిమంది వరసలో ఉన్నారు. హోరు. బావకు కనుబొమ్మల దాకా పిండి.

"తప్పు నాది బావా" అన్నాను.

బావ నా ముఖంలోకి చూసి చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఆఁ?"

ఇంకాస్త గట్టిగా అన్నాను.

"ఆఁ?"

వరసలో వాళ్ళు మెడలు సాచారు. అరవై ఆరేళ్ళలో నేను అరిచి ఎరగను. కళ్ళు మూసుకుని, గొంతు చించుకున్నాను.

"తప్పు నాది బావా! నువ్వు మాట్లాడింది దేవుడితో! మధ్యలో నేనెవణ్ణి!"

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు మర ఆపింది. 'నేనెవణ్ణి' అన్న మాట ఒక్కటే గదిలో ఖంగుమంది.

"ఇంత గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా!" అన్నాడు వరసలో ఒకాయన.

చెల్లెలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే పకపకా నవ్వింది. "అన్నయ్యా, మర దగ్గర ఈయన చెవులతో వింటాడనుకున్నావా? పెదాలు చూస్తాడు. నువ్వు మొదటిసారి అన్నప్పుడే తెలిసిపోయింది. కావాలనే మూడుసార్లు చెప్పించుకున్నాడు!"

"మూడే అయ్యాయి" అన్నాడు బావ, పిండి దులుపుకుంటూ. "నాలుగేళ్ళకి నాలుగు రావాలి."

నాలుగోది గొంతు లేకుండా, పెదాలతోనే అన్నాను. వరసలో ఎవరికీ వినపడలేదు. బావ గబగబా కళ్ళు తుడుచుకుని, పిండి పడిందన్నాడు.

"గింజలు ఎక్కడికీ పోవు, మధ్యాహ్నం రండి" అని అందరికీ చెప్పి తలుపు వేశాడు.

మేం నలుగురం చేరేసరికి పెద్దమ్మ పదకొండో ప్రశ్నలో ఉంది. బావ పిండి బట్టలతోనే నా పక్కన, కొత్తగా నున్నబరిచిన చోట కూర్చున్నాడు. ముగింపు ప్రార్థన ఆయన్నే చెయ్యమన్నారు అయ్యగారు. నాలుగేళ్ళది ఒక్కసారే చేశాడు. అద్దాలు గడగడలాడాయి. ముందు బల్ల మీద అతిథి అదిరిపడి వెనక్కి తిరిగాడు.

నేను ఆయనకేసి చూసి, చేత్తో గాలిలో చిత్రిక తోసినట్టు చేశాను. ఆయన లాగినట్టు చేశాడు. పక్కనుంచి మా ఆవిడ, "ప్రార్థనలో ఆటలేమిటి" అని నన్ను మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.