బెంగ తూచే కుర్చీ

గుర్రప్పందాలున్న రోజున, జాకీల్ని తూచే తూకంగారు పదింటికల్లా గదిలో ఉండేవారు. కిటికీలు తెరిచి, తడిగుడ్డతో కుర్చీ తుడిచి, దాని మీద ఇరవై కిలోల ఇనపరాళ్ళు రెండు పెట్టి, వెనక్కి వెళ్ళి ముల్లు నలభై దగ్గర ఆగిందో లేదో చూసుకునేవారు. పదిహేడేళ్ళుగా ఆగుతూనే ఉంది. అయినా ఆవిడ ఒక్కరోజూ చూడ్డం మానలేదు. యంత్రాన్ని నమ్మొచ్చు గానీ నెత్తికెక్కించుకోకూడదని ఆవిడ ఉద్దేశం.

జాకీ వచ్చి జీను ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటాడు. డయలు కుర్చీ వెనకాల, తూకంగారి బల్ల వైపు తిరిగి ఉంటుంది. కూర్చున్నవాడికి కనిపించేది ఎదురుగా ఉన్న తెల్లగోడ, దానికి ఆనించిన చెక్కబల్ల, అంతే. ఏ గుర్రం ఎంత బరువు మొయ్యాలో ముందే రాసి ఉంటుంది. మనిషీ జీనూ కలిపి అంత తూగకపోతే, జీను కింద పరిచే గుడ్డ జేబుల్లో సీసం బిళ్ళలు పెట్టి సరిచేస్తారు. పందెం అయ్యాక మళ్ళీ అదే కుర్చీలో కూర్చోవాలి. వెళ్ళినప్పటి కంటే అరకిలో మించి తగ్గి వచ్చాడా, గెలుపు గెలుపు కాదు. తూకంగారు "సరిపోయింది" అనేదాకా బయట మైదానంలో అంతమందీ ఊపిరి బిగపట్టుకుని నిలబడాల్సిందే.

ఆ కుర్చీ బెంగని కూడా తూచేది. కొత్తగా వచ్చిన కుర్రజాకీ ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ముల్లు కిలోన్నర ఎక్కువ చూపించేది. అందుకే రిజిస్టరులో ఒళ్ళు, జీను, సీసం అనే గళ్ళ మధ్య బెంగకీ ఒక గడి గీసి ఉండేది. ఎంత బెంగ ఉంటే అంత సీసం తగ్గించేవాళ్ళు. సీసం కంటే అదే నయమని గుర్రాలకి తర్ఫీదిచ్చే ముసలాళ్ళు అనేవాళ్ళు. సీసం చచ్చినట్టు ఒకచోట వేలాడుతుంది, బెంగ మాత్రం మనిషితోపాటు ముందుకి వంగుతుందట. దీనికి ఒకటే నియమం. ఎవరి మీద బెంగ అని అడక్కూడదు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినొచ్చు.

అలా వినే, రెండోవాడి సంగతి తూకంగారికి తెలిసింది.

రెండోవాడంటే పెద్ద కప్పు పందెంలో ఏడుసార్లు రెండో స్థానంలో వచ్చిన జాకీ. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతుక్కుపోయింది, ఆయనా పలికేవాడు. తల్లిలా పెంచిన అక్క ఒకరు ఆయనకి ఉన్నారు, ఆసుపత్రి వంటశాలలో వంటమనిషి. రోజుకి మూడొందల మందికి వండిపెట్టే మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క తమ్ముడూ బరువు పెరుగుతానని పస్తులుంటే ఎంతకని ఓర్చుకుంటుంది? పదకొండేళ్ళ కిందట ఆయన ఆవిడ గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. "ఆ గుర్రం దిగేదాకా నా గడప తొక్కకు" అంది అక్క. "కప్పు చేతికొచ్చేదాకా తొక్కను" అన్నాడు తమ్ముడు. ఒకే తల్లి పిల్లలు మరి. అప్పట్నుంచి ఆయన బెంగ గడిలో మూడు కిలోల రెండొందలు, ఒక గ్రాము అటూ ఇటూ కాకుండా.

తూకంగారికి ఆయన మీద మనసు. ఇది చివరిదాకా దాచి చెప్పేంత రహస్యం కాదు గానీ, ఆ గదిలో మాత్రం ఎవరికీ తెలియదు. ఆవిడ వయసు నలభై మూడు. గుర్రాల పాత చరిత్రలు చదవడం తప్ప వేరే కాలక్షేపం లేదు. ముల్లు ఊగడం ఆగేదాకా జాకీ కదలకూడదు కాబట్టి, ఆ నిమిషంలో ఏదో ఒక విశేషం చెప్పడం అలవాటు చేసుకున్నారు. మిగతావాళ్ళకి ఒక ముక్క చెప్పి పంపేసేవారు. రెండోవాడికి చెప్పేటప్పుడు ముల్లు ఆగినా విశేషం ఆగేది కాదు.

ఈ పందెపు జాతి గుర్రాలన్నిటి మగవంశమూ మూడంటే మూడు గుర్రాల దగ్గరికే పోతుందని చెప్పారు. ఈ జాతివి ఏ నెలలో పుట్టినా కాయితాల మీద అన్నిటికీ ఒకటే పుట్టినరోజు అని చెప్పారు. ఆ మూడింటిలో ఒక మగగుర్రానికి ఒక పిల్లితో స్నేహం కుదిరిందట. పిల్లి దాని వీపు మీదే నిద్రపోయేదట, గుర్రం పోయాక ఎక్కువ రోజులు బతకలేదట. అలాగని చెప్పుకుంటారు, మనం చూడబోయామా అన్నారు. గుర్రం మీద ఉండగానే గుండె ఆగిపోయి, అలాగే గీత దాటి గెలిచిన ఒక జాకీ కథ కూడా చెప్పారు. వందేళ్ళ కిందటిది, నిజంగా జరిగింది. అతనికి మాత్రం పందెం తర్వాత తూకం అక్కర్లేదని మినహాయించారు. ఆ జాకీ పందేనికి ముందు బరువు తగ్గడానికి కడుపు మాడ్చుకున్నాడన్న సంగతి మటుకు ఆవిడ రెండోవాడికి చెప్పలేదు.

ఇవాళ రెండోవాడి ఆఖరి పందెం, అదీ పెద్ద కప్పు పందెమే. నలభై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. గెలిస్తే కప్పు పట్టుకుని అక్క ఊరు వెళ్ళిపోతాడు. ఓడితే ఎక్కడో దూరాన గుర్రపుశాలలో పని చూసుకుంటాడు. ఎలా చూసినా వచ్చేవారం ఈ కుర్చీలో ఉండడు. తూకంగారు మాత్రం ఆయన గెలవాలనే కోరుకున్నారు. నిజంగానే కోరుకున్నారు.

"ఇవాళేం విశేషం తూకంగారూ?" అన్నాడు ఆయన కూర్చుంటూ.

"ఒక ఎర్రగుర్రం ఉండేది. అది పోయాక గుండె తూస్తే ఆరు కిలోల పైనే ఉందట. మామూలు గుర్రానికి నాలుగుంటే గొప్ప."

"అంత గుండెనీ ఏం చేశారు?"

"ఒక ఊళ్ళో మ్యూజియంలో పెట్టారు. చర్మం ఇంకో ఊళ్ళో ఉంది. ఎముకలు సముద్రం అవతల వేరే దేశంలో."

"బతికుండగానే అలా ఉండేవాళ్ళూ ఉంటారు లెండి" అన్నాడు.

ముల్లు ఇంకో వంద గ్రాములు ఎక్కింది. ఆవిడ చిన్న సీసం బిళ్ళ ఒకటి తీసేశారు. "సరిపోయింది. జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నారు. ఎప్పుడూ "సరిపోయింది" తప్ప మరో మాటతో ఎవరినీ పంపని మనిషి, ఇవాళ ఇంకో రెండు అన్నందుకే సిగ్గుపడ్డారు.

ఆయన వెళ్ళిన పావుగంటకి తలుపు దగ్గర ఒక పెద్దావిడ నిలబడింది. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. పక్కకి సొట్టపడింది, ఎప్పుడో విరిగిన పిడికి వెలిసిపోయిన ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

"మా తమ్ముడెక్కడమ్మా? ఇదే ఆఖరని పేపర్లో చూశాను. దిగేటప్పటికి ఉందామని వచ్చాను" అంది.

తూకంగారికి ముఖం చూడగానే తెలిసిపోయింది, అదే గడ్డం. గభాలున లేచి విషయమంతా చెప్పారు. వెళ్ళేటప్పుడు ఆయన బెంగతో కలిపి తూగాడు. తిరిగొచ్చి తూగేదాకా మీరు కంటపడకూడదు.

అక్క చెక్కబల్ల మీద కూర్చుని అంతా విని, "అంటే నన్ను చూస్తే మూడు కిలోలు తగ్గిపోతాడా?" అంది. "తిండి మాని తగ్గింది చాల్లేదు కాబోలు."

"ఒక్క అరగంట అక్కయ్యగారూ. ఆయన ఈ కప్పు కోసం..."

"తెలుసులేమ్మా. ఎక్కడ దాక్కోమంటావు చెప్పు. ఈ వయసులో దాగుడుమూతలు ఒకటి."

సీసం బిళ్ళలు పెట్టే చిన్నగది పక్కనే ఉంది. తూకంగారు ఆవిడని అందులో కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళిచ్చి, తలుపు దగ్గరగా వేసి, తన బల్ల దగ్గరికి వచ్చేశారు. డెక్కల చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరాయి. జనం ఒక్కసారిగా అరిచారు. మైకులో మొట్టమొదటిసారి రెండోవాడి గుర్రం పేరు ముందు వినిపించింది.

ఆయన వచ్చాడు. ఒంటినిండా మట్టి, ఒళ్ళో జీను. గుమ్మంలో పందెం అధికారి, వెనకాల మిగతా జాకీలు. "కూర్చోండి" అన్నారు తూకంగారు. ముల్లు ఊగి ఊగి వెళ్ళినప్పటి చోటికే వచ్చి నిలబడబోయింది. ఆవిడ "సరి" అనేదాకా వచ్చారు.

ముల్లు దిగడం మొదలుపెట్టింది.

కిలో దిగింది. రెండు దిగింది. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. కుర్చీ వెనక నిల్చున్న మనిషికి ఆయన వీపు తప్ప ఏం కనబడుతుంది? తల పక్కకి వంచి, ఆయన చూస్తున్న వైపు చూశారు. తెల్లగోడకి ఆనించిన చెక్కబల్ల మీద, ఎర్రగుడ్డ పిడితో, క్యారేజీ.

మనిషిని దాచారు, క్యారేజీని మరిచిపోయారు.

"అక్క వచ్చిందా?" అన్నాడు ఆయన, ఎవరినీ అడగనట్టు. ముల్లు మూడు కిలోల మూడొందలు దిగి ఆగింది.

పందెం అధికారి వచ్చి డయలు చూశాడు. మంచివాడే, కళ్ళద్దాలు తుడుచుకుని రెండోసారి కూడా చూశాడు. రూలు రూలే. గెలుపు రెండో గుర్రానికి పోయింది.

"గుర్రం మీద పోయినవాడికి మినహాయింపు ఉంది" అన్నాడు రెండోవాడు, కుర్చీలోంచి లేవకుండానే. "బతికొచ్చినవాడికి లేదన్నమాట."

గదిలో ఒకళ్ళిద్దరు నవ్వారు. తూకంగారు నవ్వలేదు. రిజిస్టరులో బెంగ గడిలో సున్నా రాస్తుంటే కళ్ళకి గళ్ళన్నీ అలుక్కుపోయాయి. పదకొండేళ్ళ ఆశని తన చేతులతోనే పాడుచేశాననుకున్నారు.

అందరూ వెళ్ళాక అక్క చిన్నగదిలోంచి వచ్చింది. తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసింది. "ఓడిపోయావా?"

"ఓడిపోయాను."

"రెండోవాడివైనా అయ్యావా?"

"అదీ లేదు."

"మంచిది. తిను" అంది, గిన్నెలు విప్పుతూ.

ఆయన తిన్నాడు. పందెం రోజున ఆయన అన్నం తినగా తూకంగారు ఎన్నడూ చూడలేదు. ముందు మర్యాదగా తిన్నాడు, తర్వాత మర్యాద వదిలేశాడు. అక్క ఎదురుగా కూర్చుని గిన్నెలోంచి వేస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి మాత్రం చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నన్ను క్షమించండి. ఆ క్యారేజీ నేను చూసుకోలేదు" అన్నారు తూకంగారు.

"దేనికండీ?" అన్నాడు ఆయన నోటినిండా అన్నంతో. "కప్పు తెస్తేనే గడప తొక్కుతానన్నాను. గడపే నా దగ్గరికి వచ్చింది."

అక్క కుర్చీ చుట్టూ తిరిగి చూసింది. "అందరినీ తూస్తావు కదా, మరి నిన్నెవరు తూస్తారమ్మా?" అని అడిగింది.

ఎవరూ తూచలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఒక్కరే ఉన్నప్పుడు ఆవిడ ఎన్నోసార్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. కానీ డయలు వెనకాల ఉంటుంది కదా.

"కూర్చోండి తూకంగారూ" అన్నాడు రెండోవాడు చెయ్యి కడుక్కుని వస్తూ. "ఈ ఒక్కసారి నేను చూస్తాను. ఆ ముల్లు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు."

వద్దని అనబోయి, అనలేక, ఆవిడ వెళ్ళి కూర్చున్నారు. ఎదురుగా తెల్లగోడ, ఖాళీ క్యారేజీ. వెనకాల ఆయన అడుగుల చప్పుడు ఆగింది.

"మీ ఒళ్ళు ఎంత?"

"యాభై ఒకటి. ఏటా డాక్టరు చూస్తాడు."



"ఇక్కడ యాభై ఎనిమిదిన్నర ఉంది" అన్నాడు. "నాదానికి రెట్టింపు పైనే. ఇంత మోసుకుని రోజూ ఎలా లేచి వస్తున్నారు?" ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎవరి మీద?" అన్నాడు.

"అది అడక్కూడదు."

"ఆ రూలు జాకీలకి. నేను దిగిపోయాను కదా."

తూకంగారు ఒళ్ళో చేతులు ముడుచుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. చెప్పడానికి మాటలు చాలానే ఉన్నాయి, ఒక్కటీ రావట్లేదు. చివరికి రోజూ వచ్చే దారిలోనే వచ్చాయి.

"ఆ గుర్రం, పిల్లి సంగతి మీకు చెప్పాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"నాకు ఆ పిల్లి సంగతి బాగా అర్థమవుతుంది."

ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరిగితే ముల్లు ఊగుతుంది, ఊగితే లెక్క తప్పుతుంది, అది పదిహేడేళ్ళ అలవాటు. తర్వాత కుర్చీ వీపు మీద ఒక చెయ్యి ఆనింది. అన్నం తిన్న చెయ్యి, ఇంకా తడిగా ఉంది.

క్యారేజీ గిన్నెలు సర్దుతున్న అక్క తలెత్తింది. "ఏరా, ఏమైంది? అలా నిలబడిపోయావేం?"

"దిగుతోందక్కా" అన్నాడు రెండోవాడు, ముల్లు మీంచి కళ్ళు తిప్పకుండా. "ఉండు, ఇంకా దిగుతోంది."