రెండు సుత్తుల మోత

పొద్దున్నుంచి కొడుతూనే ఉన్నారు. తండ్రి సుత్తి లేస్తే కూతురిది దిగాలి, ఆమెది లేస్తే ఆయనది దిగాలి. మధ్యాహ్నం దాటినా వారసత్వ శాఖ అధికారికి తృప్తి కలగలేదు. చెవులకి మెత్తటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రాగి కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అంతరించిపోతున్న పనుల చప్పుళ్ళను జాతి కోసం రికార్డు చేసి దాచిపెట్టడం ఆయన ఉద్యోగం.

"ఎక్కడో తేడా కొడుతోందమ్మా. నీ దెబ్బ ఆలస్యంగా పడుతోంది. చెవుల్లో ఏమిటది?"

"దూదండీ."

"తీసెయ్. ఫోటోలో కూడా బాగుండదు. మీ తాతల కాలంలో దూది పెట్టుకుని కొట్టారా?"

"లేదండీ. అందుకే మా తాతకి వినపడేది కాదు. మా నాన్నకీ వినపడదు."

చమత్కారం అనుకుని అధికారి నవ్వాడు. చమత్కారమేం కాదు. ఆమె తండ్రికి చెవులు పోయి చాలా ఏళ్ళయింది. ఎవరేమన్నా "అలాగేనండి" అంటాడు కాబట్టి వీధిలో ఆయన పేరు అలాగే తాత. అప్పడిగినా అలాగే, తిట్టినా అలాగే. కూతురొక్కతే గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, పెదాల కదలికతో ఆయనకి మాట అందించగలదు.

ఇప్పుడు ఆమె చెవుల్లోనూ గుయ్యిమని రొద మొదలైంది. మొన్న పక్కగదిలో తన పాప మంచం మీంచి పడి గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇక్కడ ఆమె తాపీగా అన్నం తింటోంది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. సుత్తి మానెయ్యమన్నాడు డాక్టరు. మానేస్తే శాఖ ఇచ్చే భృతి ఆగిపోతుంది. వారసురాలు పనిలో ఉన్నంతకాలమే అది. ఇంటద్దె కట్టేది దాంతోనే. చప్పుడు పోకుండా కాపాడే శాఖకి, చెవులు పోతే మాత్రం పట్టదు.

అధికారి పెద్దాయనవైపు తిరిగి, చెవిలోంచి దూది పీకుతున్నట్టు సైగ చేశాడు. "మీరైనా చెప్పండి."

"అలాగేనండి" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"చూశావా? పెద్దాయనే ఒప్పుకున్నాడు."

ఆమెకి ఒళ్ళు మండింది. సుత్తి కింద పడేసింది.

"ఆయన దేనికైనా ఒప్పుకుంటాడండీ. నేను ఒప్పుకోను. దూదీ తియ్యను, సుత్తీ పట్టను. నా కూతురు ఏడిస్తే నాకు వినపడాలి."

"తొందరపడకు. వారసురాలు లేదని రాశానంటే ఈ నెల నుంచే ఆగిపోతుంది."

"రాసుకోండి."

తండ్రి గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. "నాన్నా, నేనింక కొట్టను" అంది నెమ్మదిగా.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఈసారి "అలాగే" అనలేదు. కూతురి మొహం చూశాడు, అధికారి మొహం చూశాడు. వంగి ఆమె సుత్తి కూడా అందుకుని, రెండు చేతులతో మొదలుపెట్టాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ.

"ఆపు నాన్నా!" అని అరిచింది, ఆయనకి వినపడదని తెలిసీ.

మాట్లాడొద్దన్నట్టు అధికారి ఆమెకి చెయ్యి అడ్డంపెట్టి, కళ్ళు మూసుకున్నాడు. "ఇదీ! ఇదే కావాల్సింది."

ఎడమచెయ్యి ఉన్నది పాత్రను పట్టి తిప్పడానికి. పట్టేవాళ్ళు లేక కొత్త రాగి కాగు దాగలి ఇనప దిమ్మ మీద అటూ ఇటూ పొర్లుతోంది. జన్మలో ఒక్క పాత్ర పాడుచెయ్యని మనిషి దెబ్బదెబ్బకీ దానికి సొట్టలు పెడుతున్నాడు.