చెప్పుల మీద నడిచేవాళ్లు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక రేకుల షెడ్డు, సంచుల కోసం ప్లాస్టిక్ షీటు చుట్టే పాత మిషను, ఆరుగురు పనివాళ్లు, వాళ్ల మీద పెద్దగా మా బావమరిది. షెడ్డూ మిషనూ కొన్నవి. బావమరిది అరువు సరుకు.

"మా తమ్ముణ్ణి మీ చేతుల్లో పెడుతున్నా. ఎలా ఇచ్చానో అలా తెచ్చివ్వండి," అంది మా ఆవిడ.

షెడ్డు చవగ్గా వచ్చింది. లోపల ఏదో ఉందని పాత యజమాని గొణిగాడు. ధర తగ్గించే దయ్యమైతే నాకు భాగస్వామే అని నవ్వాను.

చలికాలం ముదిరి గాలి పొడిబారాక ఆ నవ్వు తగ్గింది. మిషను జోరందుకుంటే షీటు రోలు నుంచి చరచరా ఊడి మా తలల మీదుగా పోయేది. దాని కిందికి వెళితే చేతిమీది రోమాలు ఒక్కొక్కటే లేచేవి. లేని సాలెగూడు ముఖానికి అంటుకునేది. ఎవరో చెంప పక్కనే నిలబడి, తాకుదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టుండేది. తప్పించుకుని ఇనుప తలుపు పట్టుకుంటే అప్పుడు కరిచేది. చిటుక్కున ఒక నీలం చుక్క.

ముగ్గురు పని మానేశారు. ఇది కరెంటేనని తేల్చి, రబ్బరులోంచి కరెంటు పోదు కదా అని అందరికీ మందపాటి రబ్బరు చెప్పులు కొన్నాను. కాటు రెట్టింపయింది.

నేల తుడిచే చీపురత్తను మాత్రం అది ముట్టుకోలేదు.

"ఆవిడ నోటికి దయ్యాలే దడుస్తాయి బావా," అన్నాడు బావమరిది, సంచుల మీద అచ్చేసే రంగులో కలిపే థిన్నరు కోసం మగ్గు తీసుకుని వెళుతూ.

"నీ మొహం! నేను నేల మీద నడుస్తా. మీరు చెప్పుల మీద నడుస్తారు," అంది చీపురత్త, తడిగుడ్డ పిండుతూ.

చిన్నప్పుడు తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం గుర్తొచ్చింది. రాపిడిలో కొత్తగా ఏదీ పుట్టదు. ఒకదాంట్లోది ఇంకోదానికి చేరుతుంది, అంతే. ఒకవైపు తరుగు, ఒకవైపు మిగులు. ఆ మిగులు నేలకు దారి వెతుక్కుంటుంది. నేను ఆ దారికి రబ్బరు అడ్డం పెట్టాను. బయటినుంచి రాకుండా ఆపుతున్నాననుకుని, మనుషుల్లోనే నిల్వ చేశాను. ఇక ఇనుము కనబడితే ఒక్క దూకు.

ఇనుము అనుకోగానే తల తిప్పాను. బావమరిది షీటు కిందుగా నడిచి థిన్నరున్న ఇనుప పీపా దగ్గరికి చేరాడు. మూత తీసి ఉంది. ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. వాడి జుట్టంతా లేచి నిలబడి ఉంది, వాడికి తెలియదు. చెయ్యి పీపా అంచుకు జానెడు దూరంలో ఉంది.

"చెయ్యి తియ్యి! చెప్పులు విప్పు!"

"ఇదేమన్నా గుడా బావా?"

"విప్పరా!"

విప్పి, అత్త అప్పుడే తుడిచిన తడినేల మీద కాలు పెట్టాడు. ఎవరో పిడికిలి వదిలినట్టు, లేచిన జుట్టు చప్పుడు లేకుండా పడుకుంది.

పీపాకూ మిషనుకూ రాగితీగ కట్టి, తడిమట్టిలో పాతిన కడ్డీకి కలిపాను. రబ్బరు చెప్పులు గుమ్మం బయట కుప్పపడ్డాయి. కారణం తెలిసినా, షీటు కింద ఇప్పటికీ రోమాలు లేస్తాయి. ఒట్టికాళ్లతో, ఇనుప స్తంభాన్ని తాకుతూ దాటుతాను.

ఆ సాయంత్రం బావమరిదిని మా గుమ్మంలో నిలబెట్టాను. మా ఆవిడ పైనుంచి కిందికి చూసింది.

"చెప్పులేవిరా?" అంది.

ఆ జత తప్ప, ఇచ్చింది ఇచ్చినట్టే అప్పజెప్పాను.