వెబ్‌సైటుకు దిష్టిబొమ్మ

మొగుడు తాగుబోతైతే ఊరు జాలిపడుతుంది. అదే వెబ్‌సైటు పెడితే, ఎదురు అభినందిస్తుంది. సరోజిని గోడు ఇదీ.

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చాక పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో రోడ్ల ఇంజనీరుగా చేరిన గిరిధరరావు, తొంభై ఎనిమిదిలో తన పేర ఒక సైటు కట్టాడు. ముహూర్తం చూసి, మానిటరుకు కుంకుమబొట్టు పెట్టి, కీబోర్డు తడవకుండా పెరట్లో కొబ్బరికాయ కొట్టి మరీ తెరిచాడు. లోపల టై కట్టుకున్న ఫొటో, డిగ్రీలు, ఆయన స్వహస్తాలతో తెలుగులో రాసి స్కాన్ చేసిన స్వాగతవాక్యాలు. అవి తెరమీదికి దిగేలోపు ఇక్కడ పప్పు ఉడికి తిరగమోత కూడా అయిపోయేది. అన్నిటికీ పైన, పార పట్టుకుని తవ్వుతున్న మనిషి బొమ్మ, "నిర్మాణంలో ఉంది" అన్న మాట.

ఏడాదైనా ఆ మనిషి తవ్వడం ఆపలేదు.

"కట్టడం అయిందిగా, ఆ తవ్వేవాణ్ణి పంపించెయ్యండి" అంది సరోజిని.

"ఉండనీ. కొత్తింటికి దిష్టిబొమ్మ ఉండాలి."

ఆ సైట్లో ఆవిడ ఒక్క పేజీ అడిగింది. అడగ్గా అడగ్గా అట్టడుగున, పనిమనిషి గదిలాంటి మూల ఒకటి దొరికింది. ఆయనకి సైటంటే శిలాశాసనం, చెక్కాక ఇక ముట్టుకోనక్కర్లేదు. సరోజినికి వాకిట్లో ముగ్గు. నిన్నటిది ఊడ్చి ఇవాళ్టిది వెయ్యాలి. అందుకని ప్రతి శుక్రవారం పాతది తీసేసి కొత్తది రాసేది. ఎక్కువగా కోతుల గురించే. వాళ్ళుండే రైస్‌థార్ప్ పేటలో కోతులు వంటింటి కిటికీలోంచి దూరి జంతికల డబ్బా ఎత్తుకుపోతుంటే, తాను తిట్టిన తిట్లన్నీ వరసగా పెట్టేది. ఒకరి కంప్యూటర్లో రాసిన తెలుగు ఇంకొకరి కంప్యూటర్లో ఉత్త గళ్ళుగా కనబడే రోజులవి. అందుకే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది.

"ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగా? పట్టుచీర మీద టై కట్టినట్టుంది!"

"ఫొటోలో టై కట్టింది మీరేగా!"

ఒక శుక్రవారం చూస్తే పేజీ లేదు.

"ఆదివారం తెలుగు సంఘం పెద్ద రాజెన్ నాయుడుగారు సైటు చూడ్డానికి వస్తున్నారు. ఆయనకి కోతుల తిట్లు చూపించమంటావా?" అన్నాడు గిరిధరరావు.

సరోజిని వెళ్ళి సొరుగు తీసి చూసుకుంది. ఫ్లాపీలో తన రాతలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇంతలో పక్కవీధి కోగీ ఫోన్ చేసింది. ఆమె పూర్వీకులు ఎప్పుడో చెరకుతోటల్లో కూలికని ఈ దేశానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. వకీలు ఆఫీసులో టైపిస్టు. ఆ పేజీని ప్రింటు తీసి ఇంట్లో అత్తకి చదివి వినిపిస్తుంది.

"హైబో! అయ్యో అక్కా! పేజీ ఏది? అత్త నా బుర్ర తింటది!"

"మా వారినే అడుగు. ఆదివారం అత్తని కూడా తీసుకురా."

ఆదివారం రాజెన్ నాయుడు టీ తాగుతూ స్వాగతవాక్యాలు దిగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"వెరీ బ్యూటిఫుల్, డాక్టర్... సారీ, ఇంజనీర్. బట్ వాట్ డజ్ ఇట్ సే? తెలుగు చదవడం నాకు రాదు."

గిరిధరరావు తనే చదివి వినిపించబోయాడు. సరిగ్గా అప్పుడే కోగీ, కర్ర పట్టుకుని ఆమె అత్త అచ్చియమ్మ వచ్చారు. ముసలావిడ సూటిగా అడిగింది:

"కోతి పేజీ ఎవుడు తీసినాడు?"

సరోజిని బుద్ధిగా ఫ్లాపీ పెట్టి పేజీ తెరిచి, రాజెన్ కుర్చీని తెర ముందుకి జరిపింది. ఆ ఇంగ్లీషు అక్షరాలని ఆయన కూడబలుక్కుని చదవసాగాడు. "నీ... జిమ్మడ... నీ మొహం... మండా..."

"నీ ఇల్లు గుల్లవ్వా, నీ తోక తెగా!" అని అచ్చియమ్మ అందుకుంది. కర్ర నేలకేసి కొడుతూ పడీపడీ నవ్వింది. "మా అమ్మ ఇట్టాగే తిట్టేది. ఆమె పోయినాక ఇన్లేదు!"

రాజెన్ కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. "మై గ్రానీ టూ! సేమ్ వర్డ్స్! మీ మిసెస్ రాసిందా ఇది? సంఘంలో అందరికీ దీని అడ్రసివ్వాలి, మ్యాన్!"

గిరిధరరావు మౌసు అందుకుని తన సైటు మళ్ళీ తెరిచాడు. తెరమీది టై వైపు చూశాడు, ఆ పైన భార్య వైపు.

"సరోజినీ, నీ పేజీ తీసెయ్యడం నా తప్పే. దాన్ని పైకి తెద్దాం, అందరికీ ముందు అదే కనబడేట్టు."

"మరి ఆ తవ్వేవాడు?"

"అదీ నా తప్పే. ఇవాళే పంపించేస్తాను."